ఎర్రబడ్డ ముఖం అంతా మందు వల్ల కాదు – ఒక మిరప రైతు ముఖం కథ



నల్లి మందుల మీద పెట్టిన పోస్టు కింద కొంతమంది పంట సంగతి వదిలేసి నా ముఖం సంగతి అడిగారు. "అన్నా, ఫోటోలో ఆ ఎరుపేంది, ఎండదెబ్బా?" అని ఒకరు. "రోజూ పడుద్దా అన్నా?" అని ఇంకొకాయన, నవ్వే బొమ్మ పెట్టి. ఆయన మీద నాకు కోపం లేదు. బుగ్గలు, ముక్కు ఎర్రగా ఉన్న మగమనిషిని చూస్తే మన ఊళ్లలో ఎవరికైనా వచ్చే ఆలోచన అదే. నేను జీవితంలో చుక్క ముట్టుకోలేదు. నాకున్నది ఒక చర్మవ్యాధి. పేరు రోజేషియా.

అది ఎందుకొస్తుంది, ఏం తగిలితే రేగుతుంది, ఎండలో బతికే మనలాంటివాళ్లు దాంతో ఎట్లా నెట్టుకురావాలి అన్నది ఆరేళ్లుగా నేర్చుకుంటున్నా. ముఖ్యంగా మిరప వేసేవాళ్లకు ఇది తెలిసుండాలి. ఎందుకో చదువుతూ పోతే మీకే అర్థమవుతుంది. పోస్టు పొడుగే, తీరిక చూసుకుని చదవండి.

నాకిది 48వ ఏట మొదలైంది. ఎండలోంచి వస్తే ఎవరికైనా ముఖం కందుతుంది, కాసేపు నీడన కూర్చుంటే పోతుంది. నాకు గంటైనా పోయేది కాదు. ఏడాది తిరిగేసరికి ఆ ఎరుపు అక్కడే కాపురం పెట్టింది. రెండు బుగ్గలు, ముక్కు, నుదుటి మధ్య, గడ్డం. అద్దం దగ్గరగా పెట్టుకుని చూస్తే ఎర్రటి సన్న దారాల్లాంటి రక్తనాళాలు. నడుమ నడుమ పొక్కులు, కొన్నిటికి చీము. చూడ్డానికి కుర్రకారు మొటిమల్లాగే ఉంటాయి గానీ, మొటిమల్లో నల్లటి మొన ఉంటుంది చూడండి, గిల్లితే బయటికొచ్చేది, అది వీటిలో ఉండదు. వీటన్నిటికంటే బాధ మంట. మామూలు సబ్బు రాసినా పచ్చిపుండు మీద ఉప్పు చల్లినట్టు ఉండేది.

కళ్లు కూడా. పొద్దున లేస్తే ఇసుక పడ్డట్టు గరగర, రెప్పల అంచులు ఎర్రగా వాచి ఉండేవి. కల్లంలో కాయ ఘాటు వల్ల అనుకునేవాళ్లం ఇంట్లో అందరం. ఈ జబ్బు కళ్లకు కూడా వస్తుందనీ, కొంతమందికి చర్మం కంటే ముందు కళ్లకే వస్తుందనీ, వదిలేస్తే నల్లగుడ్డు మీది పొర దెబ్బతినొచ్చనీ తర్వాత తెలిసింది.

ఊళ్లో వైద్యం చేసే ఆయన అలర్జీ బిళ్లలు ఇచ్చాడు. అవి వేసుకుంటే నిద్ర వచ్చేది, ముఖం మాత్రం అట్లాగే ఉండేది. చివరికి గుంటూరులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె రక్తపరీక్ష కూడా రాయలేదు. ముఖం మీద లైటు వేసి, భూతద్దం పెట్టి చూసి, ఓ పది ప్రశ్నలడిగి పేరు చెప్పింది. ఈ జబ్బును చాలావరకు కంటితో చూసి, అడిగి తెలుసుకోవాల్సిందేనంట, దీనికంటూ ప్రత్యేకంగా రక్తపరీక్ష లేదంట.

ఆమె చెప్పిన ఒక మాట ఇక్కడ రాయాలి. ఇది తెల్లతోలు వాళ్ల జబ్బు అని పుస్తకాల్లో ఎక్కువగా రాశారు. పేరు కూడా లాటిన్ భాషలో గులాబీ రంగు అనే మాటలోంచి వచ్చింది. మన ఒంటి రంగుకి గులాబీ ఎక్కడ కనపడుద్ది! నేను మా అమ్మ పోలిక, కాస్త ఎర్రని మనిషిని కాబట్టి బయటపడింది. నల్లగా, చామనచాయగా ఉన్నవాళ్లకు ఎరుపు కనపడదు, ముఖం కమిలినట్టు, ముదురు గోధుమ రంగు తిరిగినట్టు ఉంటుంది. అందుకే మనవాళ్లలో చాలామందికి ఇది ఉన్నా పట్టుకోలేరు. రంగు చూడొద్దు, లక్షణం చూడండి: ముఖం నడిమి భాగం తరచూ వేడెక్కడం, మంట, చురుకు, పొక్కులు, కళ్ల గరగర. సాధారణంగా 30 దాటినవాళ్లకు వస్తుంది. ఆడవాళ్లలో ఎక్కువ కనపడుతుంది, కానీ ముక్కు లావెక్కి గడ్డలు గడ్డలుగా తయారవడం మాత్రం మగవాళ్లకే ఎక్కువ.

ఆ ముక్కు మాట వినగానే నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయన ముక్కు కమలాపండు తొక్కలాగా గుంటలు గుంటలుగా, లావుగా, ఎర్రగా ఉండేది. ఊరంతా ఆయన్ని తాగుబోతు కింద లెక్కేసింది. పిల్లలు ముక్కు మీద పేరు పెట్టి పిలిచేవాళ్లు. పొగాకు బేరన్ దగ్గర రాత్రిళ్లు కాపలా కాసిన మనిషి, కొలిమి లాంటి వేడిలో బతికాడు. కల్లు కూడా తాగేవాడు కాదని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఎవరూ నమ్మలేదు. ఆ పేరు మోసుకునే పోయాడు. డాక్టరమ్మ "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగితే నేను ఆయన ముక్కు గురించి చెప్పా. "అది ఇదే అయ్యుండొచ్చు, ఇది కుటుంబాల్లో నడుస్తుంది" అంది. ఆ మాట ఇంటికొచ్చి మా అమ్మకు చెప్తే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ మాట అప్పుడు చెప్పేవాళ్లు లేకపోయారే" అంది.

ఇదేదో అందానికి సంబంధించిన గోల అనుకునేవాళ్లకు ఇంకో సంగతి. మా పెద్దమ్మాయికి ఒక మంచి సంబంధం వచ్చింది. అన్నీ కుదిరాయి, లాంఛనాల దాకా వచ్చాయి, ఉన్నట్టుండి అటునుంచి కబురు ఆగిపోయింది. ఆరు నెలల తర్వాత మధ్యవర్తి నోరు విప్పాడు. "పిల్ల తండ్రి పొద్దున్నే తాగుతాడంట గదా, ముఖం చూస్తే తెలవట్లా" అని ఎవరో అన్నారంట. అంతే. రెండో సంబంధం వాళ్లు వచ్చినప్పుడు కాఫీలు ఇవ్వకముందే నేనే డాక్టరమ్మ రాసిన కాగితం తీసి వియ్యంకుడి చేతిలో పెట్టా. ఆయన చదువుకున్నాయన, చూసి నవ్వి, "మా అక్కకి కూడా ఇట్లాగే ఉంటుంది బావగారూ" అన్నాడు. ఆ పెళ్లయింది. కానీ ఒక ఆడపిల్ల పెళ్లి నా బుగ్గల రంగు మీద ఆధారపడటం ఏంటో మీరే ఆలోచించండి.

ఇక అసలు సంగతి. ఇది ఎందుకు వస్తుంది?

మన భాషలో చెప్తా. తోటకి తెగులు రావాలంటే మూడు కలవాలి అని మనకు తెలుసు: తట్టుకోలేని రకం, తెగులు, దానికి అనుకూలమైన వాతావరణం. ఇదీ అంతే. జబ్బు మూలం వేరు, దాన్ని రేపేది వేరు. ఎండ, కారం, వేడి టీ, ఇవి జబ్బును పుట్టించేవి కాదు. ఉన్నదాన్ని రేపేవి. మూలం మన ఒంట్లో ఉంటుంది. ఈ తేడా అర్థమైతే సగం గందరగోళం పోతుంది.

ఆ మూలం ఇదీ అని ఒక్కదాన్ని వేలు పెట్టి చూపించడం శాస్త్రవేత్తలకు ఇంకా కుదరలేదు గానీ, నాలుగు సంగతులు కలుస్తాయని తేల్చారు.

మొదటిది పుట్టుక, అంటే మన రకం. మా మేనమామకు, నాకు వచ్చినట్టు.

రెండోది, ఒంట్లో ఉండే కాపలా వ్యవస్థ. చర్మం తనను తాను కాపాడుకోవడానికి కెథలిసిడిన్ అనే ఒక పదార్థాన్ని తయారు చేస్తుంది, సూక్ష్మజీవుల్ని చంపడానికి. ఈ జబ్బున్నవాళ్ల చర్మంలో అది మోతాదు మించి, వేరే రూపంలో తయారై వాపును, ఎరుపును పుట్టిస్తుంది. కుక్క దొంగల్ని చూసి మొరగాలి గానీ, గాలికి ఆకు కదిలినా మొరిగితే ఇంట్లోవాళ్లకు నిద్ర ఉండదు కదా, అట్లాగ.

మూడోది, ముఖంలోని నరాలు, రక్తనాళాలు. ఊరికే ఉలిక్కిపడతాయి. చిన్న వేడికే రక్తనాళాలు విప్పారి, మళ్లీ ముడుచుకోవడం మర్చిపోతాయి.

నాలుగోది వింటే మిరప రైతులు ఆశ్చర్యపోతారు. నల్లి! నిజంగానే. మన ముఖం మీద, వెంట్రుకల కుదుళ్లలో డెమొడెక్స్ అనే నల్లి ఉంటుంది. ఎనిమిది కాళ్లు, పొడుగు మిల్లీమీటరులో మూడో వంతు, కంటికి కనపడదు. పెద్దవాళ్లలో దాదాపు అందరి ముఖాల మీదా ఉంటుంది, భయపడాల్సింది లేదు, మన చర్మం మీది జిడ్డు తిని బతుకుతుంది. రోజేషియా ఉన్నవాళ్లలో మాత్రం ఇవి లెక్కకు మించి ఉంటాయి. తోటలో ఆకుకు ఒకటో రెండో నల్లి ఉంటే మొక్కకేం కాదు, ఎక్కువైతేనే కింది ముడత వస్తుంది. ఇదీ అట్లాంటిదే. అంతమాత్రాన ఇది అంటురోగం కాదు. ఒక కంచంలో తిన్నా, ఒక తువ్వాలు వాడినా వేరేవాళ్లకు ఈ జబ్బు రాదు. మురికి వల్ల వచ్చేది కూడా కాదు. పైగా ముఖం శుభ్రంగా ఉంటుందని గట్టిగా రుద్ది రుద్ది కడిగితే ఇంకా రేగుతుంది.

ఇప్పుడు రేపేవాటి దగ్గరికి వద్దాం. ఇక్కడే మన మిరపకాయ వస్తుంది.

కారం తింటే నోరు "కాలింది" అంటాం. నిజంగా కాలదు కదా, మరి ఎందుకంటాం? 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్లు దీన్ని కనిపెట్టారు. మన నరాల చివర ఒక చిన్న తలుపు లాంటిది ఉంది. దాని పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ఆ తలుపు తెరుచుకుని మెదడుకు "మంట" అని కబురు పంపుతుంది. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకునేది అదే తలుపు. అంటే మన ఒంటికి మే నెల ఎండా, తేజ మిరపకాయా రెండూ ఒకే కాలింగ్ బెల్లు నొక్కుతాయి. ఈ పనికి జూలియస్ గారికి 2021లో ఇంకొకాయనతో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. రోజేషియా ఉన్నవాళ్ల చర్మంలో ఈ జాతి తలుపులు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయని పరిశోధనల్లో చూశారు.

ఇప్పుడు మన పని ఆలోచించండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కల్లంలో పరదాల మీద కాయ ఎండబోసి, నడి ఎండలో తిరగేస్తుంటాం. పైన ఎండ, కింద పరదా సెగ, ముక్కులోకి ఘాటు, చేతికి కారం, ఆ చేత్తోనే చెమట తుడుచుకుంటాం. రెంటచింతల ఎండలు పేపర్లో చదివే ఉంటారు, మా పల్నాడు అంతా ఇంచుమించు అదే పొయ్యి. ఆ కాలింగ్ బెల్లు మీద పొద్దున్నించి సాయంత్రం దాకా వేలు తియ్యకుండా నొక్కినట్టే.

డాక్టరమ్మ నాకు మందులతోపాటు ఒక పని చెప్పింది. ఏది తగిలితే మీకు రేగుతుందో రాసుకోండి, మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది అంది. నేను కూలీల లెక్క రాసే పుస్తకం వెనక నుంచి గీతలు కొట్టి రెండు నెలలు రాశా. తేదీ, ఎండలో ఎన్ని గంటలు, ఏం తిన్నా, ఏం తాగా, మనసు ఎట్లా ఉంది, ముఖం ఎట్లా ఉంది. ముఖానికి సున్నా నుంచి ఐదు మార్కులు. రెండు నెలల తర్వాత చూస్తే నా సంగతి ఇట్లా తేలింది.

ఎండ, సెగ ఒకటో నంబరు. ఎండలో ఉన్నప్పటికంటే కల్లంలో వంగి కాయ ఎగదోసిన రోజులు ఇంకా ఎక్కువ. పొయ్యి దగ్గర కూర్చుని బెల్లం పాకం పట్టిన రోజు కూడా ఐదు మార్కులే.

వేడి టీ. ఇందులో ఒక తమాషా ఉంది. టీ చల్లారాక తాగిన రోజున ఏమీ కాలేదు. డాక్టరమ్మను అడిగితే, రేపేది టీ కాదు, దాని వేడి అంది. 1981లోనే అమెరికాలో ఒక చర్మం డాక్టరు కాఫీనీ, ఉత్త వేడినీళ్లనీ, చల్లని కాఫీనీ తాగించి చూస్తే, వేడినీళ్లకు కూడా ముఖం ఎర్రబడిందంట, చల్లని కాఫీకి ఎర్రబడలేదంట. కాబట్టి టీ మానాల్సిన పని లేదు, ఓపిక పట్టాలి అంతే. నేనిప్పుడు గ్లాసు పక్కన పెట్టి గేదెకు గడ్డి వేసొచ్చి తాగుతున్నా.

కారం. గుంటూరు వాణ్ణి కారం మానమంటే ఏం చెప్తాం! కానీ పుస్తకం అబద్ధం చెప్పదు. కొత్తావకాయ, పచ్చిమిర్చి తొక్కు తిన్నరోజు రాత్రికి ముఖం దీపమే. అట్లాగని నేను చప్పిడి తినట్లేదు. ఇంటి వాడకానికి నాలుగు సాళ్లు బ్యాడిగి రకం వేశా. రంగు బాగా ఇస్తుంది, ఘాటు తక్కువ. పచ్చి కాయను కూరలో వేసేటప్పుడు లోపల గింజలు అంటుకునే తెల్లటి పొర తీసేయమన్నా, ఘాటంతా అందులోనే ఉంటుంది, గింజలో కాదు. గోంగూర, చింతపండు నాకేమీ చేయలేదు. పుల్లటివన్నీ మానమని ఊళ్లో చెప్పారు గానీ నా పుస్తకంలో అది తేలలేదు.

మనసు. 2021-22 పంటకాలం గుర్తుందిగా, నల్ల తామర పురుగు పూతలో పడి తోటలకు తోటలు తుడిచిపెట్టింది. నాకు మూడెకరాల్లో పెట్టుబడి కూడా వెనక్కి రాలేదు. ఆ మూడు నెలలు నేను ఎండలోకి పెద్దగా పోకపోయినా ముఖం తగ్గలేదు. ఆందోళన, కోపం కూడా రక్తనాళాల్ని విప్పుతాయంట. అప్పు ఇచ్చినాయన ఫోను వస్తే చాలు, బుగ్గలు వేడెక్కేవి.

వేరేవాళ్లకు వేరేవి ఉంటాయి. ఈదురుగాలి, చలిగాలి, వేడినీళ్ల స్నానం, బరువులు మోయడం, ముఖానికి రాసే సెంటు క్రీములు, రక్తనాళాల్ని వెడల్పు చేసే కొన్ని రకాల బీపీ మాత్రలు. మాత్రల సంగతి డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపొద్దు. ఇక మందు సంగతి: తాగేవాళ్లకు ఈ జబ్బుంటే తాగిన రోజు రేగుతుంది, అది నిజం. కానీ జబ్బు తాగుడు వల్లే వచ్చిందనడం తప్పు.

ఇప్పుడు చెప్పబోయేది ఈ పోస్టులో అన్నిటికంటే ముఖ్యం. దయచేసి ఇంట్లో ఆడవాళ్లకు కూడా చదివి వినిపించండి.

మా తమ్ముడి భార్య, నాకు మరదలు, ఆమెకు బుగ్గల మీద మంగు వచ్చింది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. పదిహేను రోజుల్లో ముఖం తళతళ మెరిసింది. ఆమె చూసి ఇంకో ఇద్దరు కొనుక్కున్నారు. ట్యూబు అయిపోయి నాలుగు రోజులు ఆపితే ముఖం ఎర్రబడి, పొక్కులొచ్చి, అగ్గి పెట్టినట్టు మంట. రాస్తే తగ్గేది, ఆపితే రేగేది. ఏడాదిన్నర అట్లా నడిచింది. చివరికి చర్మం పల్చబడి, రక్తనాళాలు బయటికి కనపడి, మీసాల దగ్గర వెంట్రుకలు కూడా వచ్చాయి. నాతోపాటు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే ట్యూబు చూసి తల పట్టుకుంది. అది స్టెరాయిడ్ క్రీము. అచ్చం రోజేషియా లాంటి జబ్బును తెచ్చిపెడుతుంది, ఉన్న రోజేషియాను పదింతలు చేస్తుంది. మన దేశంలో చర్మం డాక్టర్లు దీనికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకోవాల్సి వచ్చింది, స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడిగితే చేతిలో పెట్టే చోట్లు ఉన్నాయి.

ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఇట్లాంటి పేర్లు ఉంటే అది స్టెరాయిడ్. తామరకు, దురదకు అమ్మే మూడు నాలుగు మందుల కలగలుపు క్రీముల్లో కూడా ఉంటుంది. డాక్టరు రాస్తే, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందే. ముఖానికి స్నో రాసినట్టు రాసుకునేది కాదు. మనకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, సింథటిక్ పైరిత్రాయిడ్లు పదేపదే కొడితే మొదట తోట నిగనిగలాడుతుంది, తర్వాత మిత్రపురుగులు పోయి నల్లి విజృంభిస్తుంది చూశారా, ముఖం మీద స్టెరాయిడ్ కూడా అంతే, దాని కింద ఆ డెమొడెక్స్ నల్లి నిజంగానే పెరుగుతుంది. ఇప్పటికే ఎక్కువకాలంగా వాడుతున్నవాళ్లు రేపటినుంచే ఆపేసి ఇంట్లో కూర్చోవద్దు, ఒక్కసారిగా ఆపితే ముఖం చాలా రేగుతుంది. డాక్టరు దగ్గరికి పోయి, వాళ్లు చెప్పిన పద్ధతిలో మానాలి. మా మరదలి ముఖం కుదుటపడటానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఎర్రబడ్డ ప్రతి ముఖమూ రోజేషియా కూడా కాదు. మన పొలాల్లో ముఖ్యంగా చూసుకోవాల్సింది వయ్యారిభామ. దాని పుప్పొడి, ఎండిన ఆకు పొడి గాలికి వచ్చి తగిలితే కనురెప్పలు, మెడ, మోచేతుల మడతలు ఎర్రబడి తీవ్రంగా దురద పెడతాయి. రోజేషియాలో దురద కంటే మంట ఎక్కువ, ముఖం నడుమనే ఉంటుంది. బుగ్గలు ఎర్రబడటంతోపాటు కీళ్లనొప్పులు, జ్వరం, జుట్టు ఊడటం, నోట్లో పుండ్లు ఉంటే అది లూపస్ అనే వేరే పెద్ద జబ్బు కావచ్చు, ఆలస్యం చేయొద్దు. ఎర్రటి మచ్చ మీద స్పర్శ లేకపోతే కుష్టు కావచ్చు, దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందులిస్తారు, పూర్తిగా నయమవుతుంది. ఇవన్నీ మనం ఫోటోలు చూసి తేల్చుకునేవి కావు. నాకు ఫోటోలు పంపొద్దు, నేను రైతును. చర్మం డాక్టరుకు చూపించండి.

మందుల సంగతి నా అనుభవం వరకు చెప్తా. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు, అదుపులో పెట్టే మందులున్నాయి. నాకు మొదట మెట్రోనిడజోల్ జెల్, కొన్నాళ్లు తక్కువ మోతాదులో డాక్సీసైక్లిన్ బిళ్లలు ఇచ్చారు. ఆ బిళ్లలు వాడేటప్పుడు ఎండ ఇంకా ఎక్కువ తగులుతుంది, జాగ్రత్త. గర్భిణులు వాడకూడదు. తర్వాత ఐవర్‌మెక్టిన్ ఒక శాతం క్రీము.

ఐవర్‌మెక్టిన్ అనగానే మీలో సగం మందికి పశువుల ఇంజెక్షన్ గుర్తొచ్చి ఉంటుంది. అవును, అదే మందు. జపాన్‌లో సతోషి ఒమురా అనే ఆయన మట్టిలోంచి తీసిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది, 2015లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. మనం మిరపలో నల్లికి కొట్టే అబామెక్టిన్, పురుగుకు కొట్టే ఎమామెక్టిన్ బెంజోయేట్ కూడా అదే కుటుంబం, అదే సూక్ష్మజీవి నుంచి వచ్చినవే. ఇది తెలిసినరోజు నాకు నవ్వొచ్చింది: తోటలో నల్లికీ ముఖంలో నల్లికీ ఒకే ఇంటిపేరు మందు! కానీ చెవి పెట్టి వినండి, పశువుల మందు గానీ, పొలం మందు గానీ ముఖానికి రాయకూడదు. మోతాదు వేరు, అందులో కలిపే ద్రావకాలు వేరు. కళ్లు పోతాయి. ముఖానికి తయారు చేసిన క్రీము వేరుగా ఉంది, డాక్టరు రాస్తారు.

ముక్కు లావెక్కాక క్రీములతో తగ్గదు, కోసి సరిచేయాలి, లేదా లేజర్ పెట్టాలి. అందుకే మొదట్లోనే చూపించుకోమని చెప్పేది.

ఇక రోజువారీ. వ్యవసాయం మానుకోలేం, ఎండను ఆపలేం. నేను మార్చుకున్నవి ఇవి.

కల్లం పని తెల్లారి ఐదు నుంచి తొమ్మిది లోపల, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. మధ్యాహ్నం కాయ తిరగేసే పని మా తమ్ముడి కొడుకు చూసుకుంటాడు, బదులుగా వాడి నీళ్ల తడులు రాత్రిపూట నేను చూస్తా. మందు కొట్టడం కూడా చల్లటి పూటే, అది తేనెటీగలకూ మంచిది.

తలకు వెడల్పు అంచు టోపీ. దాని కింద పల్చటి నూలు తువ్వాలు, తడిపి పిండి మెడ చుట్టూ. మందు కొట్టేటప్పుడు మాత్రం మాస్కు తప్పదు, అందుకే అరగంటకోసారి గట్టు మీదికొచ్చి మాస్కు తీసి ముఖానికి గాలి తగలనిస్తా.

పొద్దున పొలం పోయేముందు ఎండ క్రీము, ఎస్‌పీఎఫ్ 30కి పైన ఉన్నది. జింక్ ఆక్సైడ్ ఉన్నది అయితే మంట పెట్టదు. పొలానికి వేసే జింకు వేరు, అది రాసుకోకండి! మొదట్లో మా కుర్రాళ్లు "సినిమాకా బాబాయ్" అని ఏడిపించారు. ఇప్పుడు అందులో ఇద్దరు వాళ్ల అమ్మలకు కొన్నారు.

కారం చేతులు నీళ్లతో కడిగితే పోదు, క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. ముందు కొబ్బరినూనో వేరుశనగ నూనో రాసి బాగా రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. ఆ తర్వాతే ముఖం మీద చెయ్యి. ముఖానికి మాత్రం వాసన లేని మెత్తటి సబ్బు, గోరువెచ్చని నీళ్లు, మెత్తగా అద్దుకోవడం. ముఖం రేగిందనిపిస్తే నీడన కూర్చుని చల్లటి మజ్జిగ, నుదుటి మీద తడిగుడ్డ. ఐసు ముక్క నోట్లో పెట్టుకున్నా పనిచేస్తుంది.

ఇవి చేస్తే నా పుస్తకంలో మార్కులు నాలుగు నుంచి ఒకటికి వచ్చాయి. కోతల కాలంలో మళ్లీ రెండో మూడో అవుతుంది. అది నాకు అలవాటైంది, భయం పోయింది.

కల్లాల్లో రోజుకు ఎనిమిది గంటలు కూర్చుని తొడాలు తీసే ఆడకూలీలు ఉన్నారు, వాళ్ల ముఖాలు కమిలిపోయి ఉంటే "ఎండకు నల్లబడ్డారు" అనుకుని ఊరుకుంటాం. ఈ ఏడు నేను కాయ ఏరే చోట పందిరి వేయించా, ఒక నూనె సీసా, సబ్బు, నీళ్ల డ్రమ్ము పెట్టించా. మొత్తం ఖర్చు ఒక టిక్కీ కాయ విలువ కూడా కాలేదు. కోతలకు ఇంకా టైముంది, మీరూ ఆలోచించండి.

మీ ఊళ్లో ఇట్లాంటి ముఖం ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఈ పోస్టు వాళ్లకు విడిగా పంపండి, నలుగురిలో ట్యాగ్ చేయొద్దు. ట్యూబు మీద పేర్లు అర్థం కాకపోతే రాసి పెట్టండి, అందులో స్టెరాయిడ్ ఉందో లేదో చదివి చెప్పగలిగినంత చెప్తా. వచ్చే పోస్టులో నారుమడి సంగతులు మాట్లాడుకుందాం.